సగం మొహంతో ఎగరేసిన చిలక

పెళ్ళయిన కొత్తలో ఒకసారి కూర బాగాలేదన్నానని మా ఆవిడ కరీమూన్ నన్ను మూతి వంకర మనిషి అంది. అప్పట్నుంచి ఇంట్లో నా పేరు అదే. ఏళ్ళ తరబడి ఆ మాట వినీ వినీ నా మొహానికే విసుగొచ్చినట్టుంది. మొన్న ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున, సరే, ఆవిడ మాటే నెగ్గనీ అని, నిజంగానే వంకరైపోయింది.

నాకు రాయడం పెద్దగా రాదు. ఏడో తరగతి సగంలో బడి మానేశాను. ఆ రోజు మా లెక్కల మాస్టారు స్వీట్లు పంచారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా ఇది రాస్తున్నాను. ఆస్పత్రి బెంచీ మీద నా పక్కన కూర్చున్న ప్రతి ఒక్కరూ నన్ను ఒకే మాట అడిగారు: "మళ్ళీ మామూలుగా అవుతుందన్నారా అండీ?" అప్పుడు నాకేమీ తెలీదు. ఇప్పుడు కొంచెం తెలిసింది. తెలిసిన కాడికి చెప్పేస్తే నాకూ తేలికవుద్ది.

ఆ పొద్దున దొడ్లో పళ్ళు తోముకుని నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ పక్క నుంచి వాటంతట అవే కారిపోయాయి. టీ కూడా అంతే, సగం లోపలికి, సగం చొక్కా మీదికి. ఎడమ చెవి వెనక రెండు రోజుల నుంచి సలుపుతోంది కాబట్టి పన్ను పోటు అనుకున్నా. అద్దంలో చూసుకుంటే కుడి పక్క నేనున్నాను. ఎడమ పక్క ఎవరో నిద్రపోతున్నారు. నిద్రపోయేవాడు కళ్ళు మూసుకోవాలి కదా. వాడు మూసుకోవడంలేదు. ఎంత గట్టిగా మూసినా ఎడమ కన్ను తెరుచుకునే ఉంది.

నాకు పక్షవాతం అనే మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చిన వెంటనే దాన్ని మర్చిపోవాలనుకున్నా. తువ్వాలు చెంపకి చుట్టుకుని, "పన్ను నొప్పి, కరీమూ" అని ఆటో తీసుకుని పనికి వెళ్ళిపోయాను.

నా పని గురించి చెప్పాలి. గుంటూరు బయట బైపాస్ పక్కన కోల్డ్ స్టోరేజీలున్న చోట, మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో నేను ఆడకూలీల ముఠాకి మేస్త్రీని. పొద్దున్నే వాళ్ళని ఊళ్ళ నుంచి ఆటోలో తేవాలి, రాశుల చుట్టూ కూర్చోబెట్టాలి, సాయంత్రం తీసిన కాయలు కాటా వేసి తూచాలి. అసలు పని మాత్రం ఆ మధ్యలో ఉంటుంది. ఆ ఘాటులో మనిషి పొద్దస్తమానం కూర్చోవాలంటే ఏదో ఒకటి నవ్వించేది ఉండాలి. ఆ ఏదో ఒకటి నేనే. ముక్కూ మూతీ కలిపి అందరం గుడ్డ కట్టుకుంటాం, కళ్ళు మాత్రమే బయటికి కనపడతాయి. కాబట్టి మా షెడ్డులో నవ్వు మూతి మీద ఉండదు, కళ్ళల్లో వెతుక్కోవాలి.

ఇప్పుడు అర్థమైందిగా నేనేం చేశానో. గుడ్డ కట్టుకున్నా. అంతే. మూతి ఎటు పోతే ఎవడికి తెలుసు? పెదాలు కలవక మాట ముద్దముద్దగా వస్తుంటే తప్పు గుడ్డ మీదికి తోసేశాను. కన్ను ఎర్రగా ఉందా? మా షెడ్డులో ఎర్రగా లేని కన్నెవరిది? లోకంలో ఇంకెక్కడైనా నా సంగతి ఆ రోజే బయటపడేది. మా దగ్గర కాబట్టి దాచగలిగాను.

దాచాను గానీ, ఆ రోజుల్లో పడిన బాధ చెప్పలేను. కన్ను ఆర్పితే దుమ్ము తుడుచుకుపోతుందని నాకు అప్పటిదాకా తెలీదు. రెప్ప పడకపోతే పడిన కారం పడినచోటే ఉంటుంది. తలుపు లేని ఇంటి ముందు ఎవరో కూర్చుని రోజంతా కారం దంచుతున్నట్టు ఉండేది. నీళ్ళు ధారగా కారేవి. ఇంటికొచ్చి, చెంపకి చుట్టిన తువ్వాలు తియ్యకుండా గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. డాక్టరుకి చూపించుకోమని కరీమూన్ అడిగినప్పుడల్లా రేపంటూ వచ్చాను.

కోటమ్మత్త మా ముఠాలో పెద్దది. నాకు చుట్టం కాదు. ఊళ్ళో సగం మందికి ఆవిడ అత్తే. ఒక మధ్యాహ్నం ఏదో జోకు వేశాను. అందరి కళ్ళూ నవ్వాయి. ఆవిడ మాత్రం కాయ చేతిలో పట్టుకుని నన్నే చూస్తోంది.

"ఒరే వలీ, ఇట్రా. నీ కుడి కన్ను నవ్వుతోంది, ఎడమ కన్నుకి నా మీద కోపం దేనికిరా?"

"కారం పడిందత్తా."

"కారం పడితే ఎవరైనా మూసుకుంటారు. నువ్వేంది గుడ్లగూబలాగా తెరుచుకుని ఉన్నావు? గుడ్డ తియ్యి."

"ఇంతమంది ఆడాళ్ళలో నన్ను గుడ్డ విప్పమంటావేంటత్తా?"

ఎవరూ నవ్వలేదు. ఆవిడే లేచొచ్చి గుడ్డ కిందికి లాగింది. ఒక్కొక్కరూ తమ గుడ్డలు కిందికి దించారు. ఎందుకు దించారో తెలీదు. నాకు మాత్రం వాళ్ళ మొహాలన్నీ ఒకేసారి కనపడ్డాయి, అన్నిట్లోనూ ఒకటే భయం. కోటమ్మత్త కరీమూన్‌కి ఫోన్ చేసి, "నీ మొగుణ్ణి పంపిస్తున్నా, నేరుగా ఆస్పత్రికి తీసుకుపో" అని మాత్రం చెప్పింది.

గుంటూరులో నరాల డాక్టరు గది బయట ఆ రోజు నుంచి నాకొక బెంచీ అలవాటైపోయింది. ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు. పేరు పిలిచే అమ్మాయి ఎప్పుడూ మన పక్కవాడి పేరే పిలుస్తుంది. కరీమూన్ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పన్ను నొప్పి అని అబద్ధం చెప్పానని కోపం. నేను చేతిగుడ్డతో కన్ను ఒత్తుకుంటూ కూర్చున్నాను. మాకు ఎదురుగా సింగరాయకొండ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, భార్యని చూపించడానికి తెచ్చినట్టున్నాడు, నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి పెద్ద నల్ల కళ్ళద్దాలు తీశాడు. కంటి ఆపరేషనప్పుడు ఇస్తారే, పక్కల కూడా మూసుకుని ఉండేవి.

"నాకు పనయిపోయింది బాబూ. నీకు దుమ్ము పడకుండా ఉంటది, పెట్టుకో."

"మీకెలా తిరిగివ్వాలండీ?"

"బాగైనాక ఇంకెవరికైనా ఇవ్వు."

డాక్టరు చెప్పింది ఇది: ఒళ్ళంతా పడిపోయే పక్షవాతం కాదు, మొహానికి వెళ్ళే నరం ఒకటి వాచింది. మొదటి రోజే వచ్చి ఉంటే మందు బాగా పనిచేసేది. ఇప్పుడూ చేస్తుంది, నెమ్మదిగా. మొహం సంగతి తర్వాత, ముందు కన్ను కాపాడుకోవాలి. రెప్ప పడని కన్ను ఎండిపోయి పుండు పడితే చూపుకే మోసం. చుక్కలు వేసుకో, పడుకునేటప్పుడు టేపు అంటించి మూసుకో. ఆ కన్ను దానంతటది మూసుకునేదాకా మిరప షెడ్డు గడప తొక్కొద్దు.

"ఎప్పటికి మూసుకుంటుందండీ?"

"చెప్పలేను."

నాకు తెలిసిన పని అదొక్కటే. నాకు తెలిసిన మనుషులు వాళ్ళే. సీజను ఇప్పుడే మొదలైంది, కొత్త కాయ మిర్చి యార్డుకి దిగుతోంది. ఒక రెప్ప, వేలి గోరంత తోలు, అది కిందికి దిగితే నా బతుకు నాది, దిగకపోతే కాదు. బస్సులో తిరిగొస్తుంటే కరీమూన్ అప్పుడు నోరు తెరిచింది. "నాకు చెప్పకుండా కోటమ్మత్త చేత చెప్పించుకుంటావా?" అని, మా ఊరొచ్చేదాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

మార్చి అంతా ఇంట్లోనే. చుట్టాలొచ్చేవాళ్ళు. చూసి, "అయ్యో" అని, పక్క గదిలోకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. నా మొహమే కదా పోయింది, చెవులు కాదే. మా బావమరిది ఒక పావురాన్ని సంచిలో వేసుకొచ్చాడు, దాని నెత్తురు పూస్తే నరం లేస్తుందట. నేను కాదనేలోపే కరీమూన్ సంచి మూతి విప్పింది. అది పోయి మా రేకుల కప్పు మీద వాలింది. "దాని మొహం బానే ఉందిగా, దాన్నెందుకు చంపడం?" అంది. ఆ పావురం వారం దాకా మా కప్పు మీదే ఉండి నన్ను పైనుంచి చూస్తూ ఉండేది.

ఆవిణ్ణి నవ్విద్దామని అప్పుడప్పుడూ ఏదో ఒకటి అనేవాణ్ణి. జోకు వేసేవాడు ముందు తను నవ్వాలి కదా, నేనూ నవ్వేవాణ్ణి. ఒకరోజు ఆవిడ అన్నం పెడుతూ చెయ్యి ఆపి, "నువ్వు నవ్వకు. నువ్వు నవ్వుతుంటే నాకు భయమేస్తోంది" అంది. ఆ తర్వాత నాకు మాట్లాడాలనిపించలేదు. అన్నం తినడం కూడా అలసటే. ముద్ద ఎడమ బుగ్గలో ఇరుక్కుంటే వేలితో తీసుకోవాలి. నాలికకి ఒక పక్క కారం తెలీదు. మిరపకాయలు అమ్మే ఊళ్ళో పుట్టి, సగం నాలికతో చప్పిడి తిండి.

మందుల తర్వాత డాక్టరు నన్ను ఫిజియోథెరపీ చేసే శ్రావణి మేడమ్ దగ్గరికి పంపారు. చిన్న వయసు, ఓపిక మాత్రం పెద్దది. అద్దం ముందు కూర్చుని కనుబొమ్మ లేపాలి, కళ్ళు మూయాలి, నవ్వాలి, రోజూ పలుమార్లు చెయ్యాలి అంది. నేను అద్దం వద్దన్నాను. ఎందుకని అడిగింది. "అందులో ఎవడో నన్ను వెక్కిరిస్తున్నాడండీ."

ఆవిడ బతిమాలలేదు. నా ఫోను తీసుకుని ఒక ఆట ఎక్కించింది.

ఆ ఆటలో ఒక పచ్చ చిలక ఉంటుంది. వేలితో ముట్టుకుంటే కదలదు. ఫోను కెమెరా మన మొహాన్ని చూస్తుంది. కనుబొమ్మలు ఎగరేస్తే చిలక పైకి లేస్తుంది. కళ్ళు గట్టిగా మూస్తే చెట్టు మీద పండు కొరుకుతుంది. నవ్వితే గూటికి చేరుతుంది. రెండు పక్కలూ సమంగా కదిలితే నిటారుగా ఎగురుతుంది. ఒక పక్కే కదిలితే ఆ పక్కకే లాక్కుపోతుంది.

మొదటి రోజు ఇంటి అరుగు మీద కూర్చుని తెరిచాను. "మొహం కనపడటం లేదు" అని వచ్చింది. నాక్కావలసిందీ అదే అనుకున్నా. చూస్తే, వీధిలో మనుషులు తిరుగుతున్నారని మూతికి గుడ్డ కట్టుకునే కూర్చున్నాను. అలవాటు. లోపలికి వెళ్ళి గుడ్డ తీశాను. కనుబొమ్మలు ఎగరేశాను. చిలక లేచింది, లేచీ లేవగానే కుడి గోడకి పోయి టపీమని కొట్టుకుని పడింది. మళ్ళీ లేపాను. మళ్ళీ కుడి గోడే. కళ్ళు మూశాను, పండు అలాగే ఉంది. ఒంటికన్ను మూస్తే ఒప్పుకోదట. పాపం ఆ చిలక ఆ రోజు నా వల్ల పడ్డ దెబ్బలకి కేసు పెట్టొచ్చు.

ఇంకో చిక్కు. ఆట ఆడుతున్నంతసేపూ తెర పైమూలన చిన్న కిటికీలో మన మొహం కనపడుతూ ఉంటుంది. అద్దం వద్దంటే అద్దాన్నే చిలక వెనక దాచి ఇచ్చింది మేడమ్. కంటికి అంటించుకునే టేపు ఒక ముక్క చించి దాని మీద అంటించాను. "మొహం కనపడటం లేదు." కెమెరా కూడా కప్పేశాను. తీసి, సరిగ్గా ఆ కిటికీ మీదే అంటించాను. అప్పటికి కుదిరింది. నా మొహం ఫోనుకి కనపడుతుంది, నాకు కనపడదు.

తర్వాత తెలివి ఉపయోగించాను. మనది ఏడో తరగతి సగం తెలివి. చిలక కుడికి పోతోంది కదా, ఫోనునే ఎడమకి వంచితే? మూతి వంకరని ఫోను వంకరతో సరిచేసినట్టవుద్ది. వంచాను. "ఫోను నిటారుగా పట్టుకోండి" అని వచ్చింది. వంచితే దానికి తెలిసిపోతుందట. సరే, తల వంచాను. దానికీ ఏదో రాసింది. అప్పుడే కరీమూన్ గుమ్మంలోంచి చూసింది. నా మెడ ఒక పక్కకి, ఫోను ఒక పక్కకి.

"ఎవర్ని మోసం చేస్తున్నావయ్యా?"

"చిలకని."

"ఇటివ్వు." తీసుకుని తన మొహం ముందు పెట్టుకుంది. కనుబొమ్మలు ఎగరేసింది. చిలక గీత గీసినట్టు పైకి లేచింది. కళ్ళు మూసింది, పండు కొరికింది. తనకే నవ్వొచ్చింది, గూటికి చేరింది. అన్ని వారాల తర్వాత ఆవిడ నవ్వడం. చూస్తుంటే బాగుంది. అంత సులువా అది? ఫోను తిరిగి తీసుకుని అలమరలో పెట్టేశాను. కొన్నాళ్ళు ముట్టలేదు.

ఏప్రిల్, మే ఎండలు మీకు తెలుసు. రేకుల కింద పడుకుని ఉంటే మంచం కూడా చెమట పట్టేది. కన్ను టేపుతో మూసుకుని, ఒంటికన్నుతో రేకుల మేకులు చూస్తూ ఉండేవాణ్ణి. ముఠాని కోటమ్మత్త నడుపుతోందని తెలుసు. నవ్వించేవాడు లేడు, ఘాటు మాత్రం అలాగే ఉంటుంది. ఇద్దరు ముగ్గురు వేరే షెడ్డుకి పోయారని విన్నాను. ఆదివారం ఆదివారం ఆవిడ ఫోన్ చేసేది. ఎలా ఉన్నావు, తిన్నావా అనేదేమీ లేదు.

"మూసుకుందా?"

"లేదత్తా."

"సరే." పెట్టేసేది.

ఓదార్పు మాటలన్నిటికంటే ఆ "సరే" నాకు సుఖంగా ఉండేది. ఎందుకంటే వచ్చే ఆదివారం మళ్ళీ అడుగుతుంది. ఒక ఆదివారం మాత్రం నేను, "ఇంక మూసుకోదేమో అత్తా, వేరే మేస్త్రీని చూసుకోండి" అన్నాను. అవతల కాసేపు దగ్గు వినపడింది. "రోజూ ఆడుతున్నావా అది? ఫోనులో చిలకట కదా, కరీమూన్ చెప్పింది." ఆడట్లేదన్నాను. "మేం రోజూ కూర్చుంటున్నాం కదరా కాయల ముందు, ఇష్టముండి కూర్చుంటున్నామా?" అని పెట్టేసింది.

అలమరలోంచి ఫోను తీశాను.

ఆశతో తీశానని అనుకోకండి. ఆవిడ అడిగితే అబద్ధం చెప్పలేక తీశాను. టిఫిన్ అయ్యాక, మధ్యాహ్నం, మళ్ళీ టీ అయ్యాక. కనుబొమ్మలు, కళ్ళు, నవ్వు. కుడి గోడ, కుడి గోడ, కుడి గోడ. ఏ కూలిపనికైనా సాయంత్రానికి రాశి తగ్గినట్టు కనపడుతుంది. దీనికి ఏమీ కనపడదు. గుంటూరు వెళ్ళడం, బెంచీ మీద కూర్చోవడం, "కొంచెం టైం పడుతుంది" అనిపించుకోవడం, రావడం. మళ్ళీ చిలక.

జూన్‌లో మొదటి వాన పడిన మర్నాడనుకుంటా. కరీమూన్ చాటలో బియ్యం ఏరుతోంది. నేను అలవాటుగా చిలకని లేపాను. కుడికి పోవాల్సింది, లేచి అక్కడే ఊగింది. ఊగి, ఈగ వాలినంత, ఎడమకి జరిగింది.

"ఏయ్ కరీమూ, ఇటొచ్చింది!"

ఆవిడ తలెత్తలేదు. "ఫోను వంచావా?"

"లేదు, ఒట్టు."

"నీ ఒట్టు నాకు తెలుసు. పన్ను నొప్పి." చాట పక్కన పెట్టి వచ్చి, ఫోనుని నీళ్ళ బిందెకి ఆనించి నిలబెట్టింది. "చేతులు వెనక్కి పెట్టుకో. తల వంచావంటే చూడు." తప్పు చేసిన పిల్లాడిలాగా చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. ఆవిడ నా ఎడమ కనుబొమ్మ మీద చూపుడు వేలు పెట్టింది. "ఇప్పుడు చెయ్యి."

చేశాను. చిలక సంగతి నేను చూడలేదు, ఆవిడ మొహం చూస్తున్నాను. వేలు అక్కడే ఉంచి, ఇంకొంచెం దగ్గరికి వంగింది. తర్వాత, "కొట్టుకుంటోంది" అంది. "లోపల, చిన్నగా. కొట్టుకుంటోంది." ఈసారి నా వైపు తిరిగే ఏడ్చింది.

అక్కణ్ణుంచి కూడా తొందరగా ఏమీ జరగలేదు, అబద్ధం చెప్పను. రెప్ప సగం దాకా దిగి ఆగిపోయిన రోజులున్నాయి. కానీ ఆగస్టు వచ్చేసరికి కళ్ళు మూస్తే చీకటి పడేది. రెండు కళ్ళకీ. ఎన్ని నెలలైందో నేను పూర్తి చీకటి చూసి. తెర మూలన టేపు ముక్క ఎండి దానంతటదే ఊడిపోయింది. మళ్ళీ అంటించలేదు. డాక్టరు కంట్లో లైటు వేసి చూసి, కళ్ళద్దాలు పెట్టుకుని, గుడ్డ కట్టుకుని పనిలోకి వెళ్ళమన్నారు. ఆ రోజు బెంచీ మీద ఒకతను తువ్వాలుతో కన్ను ఒత్తుకుంటూ కూర్చుని ఉన్నాడు. మర్నాడు నేను షాపులో కొత్త కళ్ళద్దాలు కొనుక్కోవలసి వచ్చింది.

మీకెవరికైనా పొద్దున్నే నీళ్ళు నోట్లో ఆగకపోతే, దయచేసి ఆ రోజే వెళ్ళండి. గుడ్డ కట్టుకోకండి.

షెడ్డులో అడుగుపెట్టగానే ముందు తుమ్మాను. ఆ తుమ్ము కూడా తియ్యగా ఉంది. ఆడాళ్ళందరూ చేతులాపి నన్ను చూశారు. వెళ్ళిపోయిన వాళ్ళలో ఒకామె తిరిగొచ్చి ఉంది. ఏదో ఒకటి అనాలి కదా, "సగం మేలురకం తేజ కాయ, సగం రంగుపోయిన తాలు కాయలాగా వెళ్ళాను, మళ్ళీ గ్రేడింగ్ చేసి పంపించారు" అన్నాను. పాత జోకులకంటే గొప్పదేం కాదు. అయినా నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. నవ్వొచ్చేసరికి నా ఎడమ కన్ను టక్కున మూసుకుంది.

ఎదురుగా కూర్చున్నది కోటమ్మత్త.

"ఏరా, వచ్చీ రాగానే ముసల్దానికి కన్నుకొడుతున్నావా?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. నేను చేతులూపుతూ చెప్పాను, అది నేను కొట్టింది కాదత్తా, నరం తిరిగొచ్చేటప్పుడు దారి కలగలిసిపోయిందట, నవ్వితే చాలు కన్ను దానంతటది మూతపడుతుంది, ఉత్తుత్తినే పళ్ళికిలిస్తే పడదు, నిజంగా నవ్వొస్తేనే పడుతుంది, డాక్టరు కూడా ఇది ఇలాగే ఉండిపోవచ్చన్నారు అని.

ఆవిడ తొడిమ తుంచి పక్కన పడేసి, గుడ్డ సర్దుకుని అంది: "అయితే ఇన్నాళ్ళకి నీ నవ్వుకి కూడా ఒక కాటా దొరికిందన్నమాట. కన్ను మూతపడితే నిజం, పడకపోతే దొంగ. ఉండు, కరీమూన్‌కి ఫోన్ చేసి చెబుతా."